గోడ మీద రాసిన విలువలు మీ పేస్లిప్పులో ఉన్నాయో లేదో చూసుకోవడం ఎలా

పోయిన నెల ఒక ఆదివారం మా చిన్నాన్న కొడుకు హిందూపురంలో నైట్ షిఫ్టు దిగి, నిద్ర కూడా పోకుండా బస్సెక్కి నేరుగా అనంతపురంలో మా ఇంటికొచ్చాడు. కాఫీ తాగుతూ ఫోన్ నా చేతిలో పెట్టి "అక్కా, నువ్వు ఇన్నేళ్ళు హెచ్‌ఆర్‌లో చేసినావు కదా, ఇది ఒకసారి చూడు, నాకేమో లెక్క తేలడం లేదు" అన్నాడు. పేస్లిప్పు. చేరేటప్పుడు నెలకు 18 వేలన్నారు, చేతికి 14,970 వస్తోంది. మెళ్ళో ఐడీ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది, తిప్పి చూస్తే వెనకవైపు ఆ విదేశీ కంపెనీ విలువలు ఐదు వరసగా అచ్చేసి ఉన్నాయి, మొదటిది "మనుషులే ముందు". ముందువైపు మాత్రం కంపెనీ పేరు లేదు, మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టర్ పేరుంది.

ఆ కార్డును రెండు వైపులా కలిపి ఎలా చదవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. 2019లో పెనుకొండ దగ్గరున్న ఎర్రమంచి నుంచి కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక మన వైపు పరిస్థితి చాలా మారింది, చెనిక్కాయ పంట మీద, వాన మీద ఆశ పెట్టుకున్న ఇళ్ళల్లో ఇప్పుడు ఒక్కరైనా ఫ్యాక్టరీ బస్సెక్కుతున్నారు, మిగతావాళ్ళు బెంగళూరులో ఐటీ కంపెనీల్లో ఉన్నారు. పెద్ద కంపెనీ కదా, అన్నీ వాళ్ళే చూసుకుంటారులే అని ఇంట్లో పెద్దవాళ్ళు నమ్ముతారు. చాలా చోట్ల చూసుకుంటారు కూడా. కానీ కంపెనీ ఇచ్చిన మాట సముద్రాలు దాటి, కాంట్రాక్టర్ ఆఫీసు దాటి మీ దాకా వచ్చిందో లేదో చూసుకోవాల్సింది మీరే, మీ తరఫున ఇంకెవరూ చూడరు.

ముందు మీ యజమాని ఎవరో తేల్చుకోండి

ఆఫర్ లెటర్ తీసి కింద సంతకం ఎవరిదో, లెటర్‌హెడ్ ఎవరిదో చూడండి. పర్మినెంటా, ఫిక్స్‌డ్ టర్మా, కాంట్రాక్టా, అప్రెంటిసా, ఏ మాట రాశారో చూడండి, ఎందుకంటే ప్రతి మాటకూ హక్కులు వేరు. అప్రెంటిస్ అయితే 1961 చట్టం ప్రకారం ఒప్పందం పోర్టల్‌లో నమోదవ్వాలి, వచ్చేది స్టైపెండు (నేర్చుకునేవాళ్ళకిచ్చే భత్యం), పీఎఫ్ (భవిష్య నిధి) ఉండదు. ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంతకాలమని గడువు పెట్టి తీసుకునే ఉద్యోగం) అయితే కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం (2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి) అయిదేళ్ళు ఆగక్కర్లేదు, ఏడాది చేస్తే గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసుకిచ్చే మొత్తం) వస్తుంది. ఇది చాలామందికి తెలీదు, మానేసి వచ్చేటప్పుడు అడగకుండానే వచ్చేస్తారు.

అసలు నియామక పత్రమే ఇవ్వలేదంటే ఆగండి. ఇప్పుడు అది ఇవ్వడం తప్పనిసరి. "తర్వాత ఇస్తాంలే" అంటే "సరే సార్, ఎప్పటిలోగా ఇస్తారో ఒక మెసేజ్ పెట్టండి" అని మర్యాదగానే అడగండి.

పేస్లిప్పు చదవడం

మా తమ్ముడి స్లిప్పే పెట్టుకుని లెక్క చేద్దాం, మీరు కూడా మీది పక్కన పెట్టుకోండి. మొత్తం 18,000. అందులో బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 9,000. పీఎఫ్ ఈ 9,000 మీద 12 శాతం, అంటే 1,080. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) మొత్తం జీతం మీద 0.75 శాతం, అంటే 135. మన రాష్ట్రంలో 15 వేలు దాటి 20 వేల లోపు జీతానికి వృత్తి పన్ను 150. ఈ మూడూ పోతే చేతికి 16,635 రావాలి. వాడికి వచ్చింది 14,970. తేడా 1,665.

ఆ తేడా ఎక్కడిదని వెతికితే, స్లిప్పులో పీఎఫ్ రెండుసార్లు కనిపించింది, ఈఎస్‌ఐ రెండుసార్లు కనిపించింది. రెండో పీఎఫ్ 1,080, రెండో ఈఎస్‌ఐ 585. అంటే యజమాని తన జేబులోంచి కట్టాల్సిన వాటా (పీఎఫ్‌లో 12 శాతం, ఈఎస్‌ఐలో 3.25 శాతం) కూడా కుర్రాడి జీతంలోంచే కోశారు. యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి కోయకూడదని చట్టంలోనే ఉంది. చేరేటప్పుడు సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అని ఒక పెద్ద అంకె చెప్పి అందులో ఇవన్నీ కలిపి చెప్పడం వేరు, అది ఆఫర్ లెటర్‌లో విడివిడిగా రాసి ఉంటే మీకు ముందే తెలుస్తుంది. నెల జీతం 18 వేలని కాగితం మీద రాసిచ్చి అందులోంచి రెండు వాటాలూ కోయడం తప్పు, అందులో సందేహం లేదు.

స్లిప్పు చూశాక అక్కడితో ఆగొద్దు. స్లిప్పులో కోత కనిపిస్తే డబ్బు కట్టినట్టు కాదు. యూఏఎన్ అని 12 అంకెల పీఎఫ్ నంబరు మీకుంటుంది, దాంతో ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరవండి. 9,000 బేసిక్‌కు మీ వాటా 1,080, యజమాని వాటాలో 750 పెన్షన్‌కు, మిగతా 330 పీఎఫ్‌కు, ఇలా మూడు అంకెలు నెలనెలా పడాలి. ఒక నెల పడకపోతే ఆ నెల పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పేరులో అక్షరం తేడా, పుట్టిన తేదీ తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి, మానేశాక తిరగడం చాలా కష్టం.

ఈఎస్‌ఐ 21 వేల లోపు జీతగాళ్ళకు. ఈ-పహచాన్ (ఈఎస్‌ఐ గుర్తింపు) కార్డు ప్రింటు తీసుకుని ఇంట్లోవాళ్ళ పేర్లు అందులో చేర్పించండి. జబ్బు చేసి డాక్టరు సెలవు రాస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే 90 శాతం. ఇంకో సంగతి, హైవే మీద రోజూ బస్సుల్లో, బైకుల్లో వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది: ఇంటి నుంచి పనికి వెళ్తూనో, పని నుంచి ఇంటికి వస్తూనో దారిలో ప్రమాదం జరిగి, దానికీ పనికీ సంబంధం ఉందని తేలితే అది కూడా పనిలో జరిగిన ప్రమాదం కిందికే వస్తుంది. కాబట్టి ఏ చిన్న దెబ్బ తగిలినా ప్రమాదాల రిజిస్టరులో రాయించండి. "చిన్నదేలే, ఫస్ట్ ఎయిడ్‌తో పోయింది" అని సూపర్‌వైజర్ అంటే కూడా రాయించండి, ఆర్నెల్ల తర్వాత అదే వేలు వంగకపోతే ఆ ఒక్క వరుసే మీకు దిక్కు.

ఓవర్‌టైం సంగతి తొందరగా చెప్పేస్తాను. వారానికి 48 గంటలు దాటిన ప్రతి గంటకూ రెట్టింపు రేటు. ఏ రోజు ఎన్నింటికి లోపలికి పోయారో, ఎన్నింటికి బయటికొచ్చారో ఫోన్ క్యాలెండర్‌లో రాసుకోండి.

కంపెనీ ఇచ్చిన మాట ఎక్కడ దొరుకుతుంది

విలువలంటే ఐడీ కార్డు మీది ఐదు మాటలే కాదు. దాదాపు ప్రతి ప్రపంచ స్థాయి కంపెనీకీ కోడ్ ఆఫ్ కాండక్ట్ అని ఒక పుస్తకం ఉంటుంది, వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. సప్లయర్లకు, కాంట్రాక్టర్లకు విడిగా ఇంకోటి ఉంటుంది, సప్లయర్ కోడ్ అంటారు. మన పిల్లల్లో ఎక్కువమంది పనిచేసేది కాంట్రాక్టర్ కిందో, విడిభాగాల కంపెనీలోనో కాబట్టి మనకు రెండోదే ముఖ్యం. అది డౌన్‌లోడ్ చేసి జీతాలు, పనిగంటలు, ఫిర్యాదు అనే మూడు చోట్ల చదవండి. "మా సరఫరాదారులు స్థానిక చట్టం ప్రకారం వేతనాలు చెల్లించాలి" లాంటి వాక్యం దాదాపు ప్రతి దాంట్లో ఉంటుంది. ఆ వాక్యం కాపీ చేసి పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

కంపెనీ మన దేశంలో షేరు మార్కెట్‌లో నమోదైన పెద్ద వెయ్యి కంపెనీల్లో ఒకటైతే ఇంకో దారి ఉంది. సెబీ (షేరు మార్కెట్ నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం 2022-23 నుంచి అవి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) అనే నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. అందులో తొమ్మిది సూత్రాలుంటాయి, మూడోది పూర్తిగా ఉద్యోగుల బాగోగుల గురించి: ఎంతమందికి బీమా ఉంది, ప్రసూతి సెలవు తర్వాత ఎంతమంది తిరిగి చేరారు, ఎన్ని ప్రమాదాలు జరిగాయి, ఎన్ని ఫిర్యాదులొచ్చి ఎన్ని తేలాయి. ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయే ముందు ఆ పేజీలు చదివి పొండి. "మమ్మల్ని ఏమైనా అడగాలా?" అని వాళ్ళు అడిగినప్పుడు అందులోంచే ఒక ప్రశ్న అడగండి, మీ మీద గౌరవం పెరుగుతుంది.

మాటకీ చేతకీ మధ్య దూరం ఎంత ఖరీదైనదో ఈ దేశానికి బాగా తెలుసు. 1984లో భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ నుంచి విషవాయువు వచ్చింది, అంతకు మూడేళ్ళ ముందే అదే ఫ్యాక్టరీలో వాయువు సోకి ఒక కార్మికుడు చనిపోయాడు, 1982లో అమెరికా నుంచి వచ్చిన కంపెనీ బృందమే లోపాలు రాసిచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ళోకి వచ్చింది. రెండూ విదేశీ యాజమాన్యాలే. భద్రత ఒక దేశంలో ఒక లాగా, ఇంకో దేశంలో ఇంకో లాగా ఉండకూడదన్న మాట మనుషుల ప్రాణాలతో నేర్చుకున్నది, అందుకే "మా హెడ్డాఫీసు ప్లాంటులో ఈ మిషన్‌కు గార్డు ఉందా సార్?" అని అడగడానికి మొహమాట పడొద్దు.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. జంషెడ్‌పూర్ టాటా ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పని పెట్టారు, దేశంలో ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితి పెట్టింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు. చట్టం అడగకముందే చేసింది కాబట్టే దాన్ని విలువ అంటున్నాను. పీఎఫ్ కట్టడం, ఓవర్‌టైం ఇవ్వడం చట్టం. ఏ కంపెనీ అయినా వాటినే విలువలుగా చెప్పుకుంటే, అంతకు మించి ఏం చేస్తున్నారని అడగండి.

అడగడం, రాయడం

ఇక్కడే మన పిల్లలు వెనక్కి తగ్గుతారు. ఉద్యోగం పోతుందేమో అని టెన్షన్. ఆ భయం న్యాయమైనదే, ఇంటి అప్పులు తెలిసినవాళ్ళు దాన్ని తప్పు పట్టలేరు. అందుకే ఎలా అడగాలన్నది ముఖ్యం. ముందు నోటితో సూపర్‌వైజర్‌ను అడగండి, ఒక్కరే కాకుండా అదే ఇబ్బంది ఉన్న ముగ్గురు నలుగురు కలిసి పొండి. వారంలో తేలకపోతే రాతపూర్వకంగా, కాంట్రాక్టర్‌కూ కంపెనీ హెచ్‌ఆర్‌కూ కలిపి. తెలుగులోనే రాయండి, తప్పేం లేదు. మా తమ్ముడు రాసింది దాదాపు ఇలా ఉంది:

"అయ్యా, నేను ఫలానా లైనులో బి షిఫ్టులో జనవరి నుంచి పనిచేస్తున్నాను. నా నియామక పత్రంలో నెల జీతం 18,000 అని ఉంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి స్లిప్పుల్లో యజమాని వాటా పీఎఫ్ 1,080, ఈఎస్‌ఐ 585 నా జీతం నుంచి కోశారు. మూడు నెలలకు మొత్తం 4,995. మీ సప్లయర్ కోడ్‌లో చట్టప్రకారం వేతనం చెల్లించాలని ఉంది. దయచేసి ఈ మొత్తం తిరిగి ఇప్పించి, ఏ తేదీలోగా ఇస్తారో తెలపగలరు. స్లిప్పులు జత చేశాను."

చూశారా, ఇందులో "మోసం" అన్న మాట లేదు, "దౌర్జన్యం" లేదు. తేదీ, అంకె, వాళ్ళ సొంత వాక్యం, కావాల్సింది ఏమిటి, అంతే. నేను తొమ్మిదేళ్ళలో వందల ఫిర్యాదులు చదివాను, కోపంగా రాసినవి పక్కన పెట్టడం సులభం, అంకెలున్నవాటిని ఎవరూ పక్కన పెట్టలేరు, ఎందుకంటే ఆడిట్‌లో దొరుకుతాయి. మెయిల్ ఆఫీసు ఐడీ నుంచే పంపితే మీ సొంత ఐడీకి ఒక కాపీ పెట్టుకోండి, స్లిప్పులు ఇంటి దగ్గర ఫైలులో ఉంచండి.

ఒక బలమైన సంగతి గుర్తుంచుకోండి: కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోయినా, పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టకపోయినా, చివరికి బాధ్యత అసలు కంపెనీదే. కంపెనీ కట్టి తర్వాత కాంట్రాక్టర్ బిల్లులోంచి రాబట్టుకుంటుంది. "అది మీకూ మీ కాంట్రాక్టర్‌కూ మధ్య సంగతి" అని ఎవరైనా అంటే ఆ మాట చట్టం ముందు నిలవదు.

20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో యాజమాన్యం వాళ్ళు ఎంతమందో కార్మికులు అంతమంది. సంఘటన జరిగిన ఏడాదిలోపు దరఖాస్తు ఇవ్వాలి, అందిన 30 రోజుల్లో తేల్చాలి. కమిటీలో ఎవరున్నారో నోటీసు బోర్డులో లేకపోతే అడగండి. దానికి పైన ఎథిక్స్ హాట్‌లైన్ (కంపెనీలో జరిగే తప్పుల మీద ఫిర్యాదు చేసే చోటు) ఉంటుంది, చాలా కంపెనీల్లో బయటి సంస్థ నడుపుతుంది, పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు. రాశాక ఒక రిపోర్టు నంబరు ఇస్తారు. దాన్ని పోగొట్టుకోవద్దు, పేరు చెప్పనివాళ్ళకు వాళ్ళతో మళ్ళీ మాట్లాడే దారి అదొక్కటే.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. పది మంది, ఆపైన ఉన్న ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, ఒకరు బయటివారు. ఏదైనా జరిగితే మూడు నెలల్లోపు రాసివ్వాలి, గట్టి కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. కాంట్రాక్టులో ఉన్నా, ట్రైనీగా ఉన్నా, వచ్చి రెండు రోజులే అయినా ఈ చట్టం మీకు వర్తిస్తుంది. తేదీ, చోటు, అన్న మాటలు అన్నట్టే ఆ రాత్రే రాసి పెట్టుకో తల్లీ, నాలుగు రోజులు పోతే మన మనసే "పోనీలే" అంటుంది. మొదటి ఇద్దరు పిల్లల కాన్పుకు 26 వారాల సెలవు కాంట్రాక్టు అమ్మాయిలకూ ఉంది, అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి, ఈఎస్‌ఐ ఉంటే ఆ డబ్బు వాళ్ళే ఇస్తారు, అర్హతకు వాళ్ళు చూసే చందా రోజుల లెక్క వేరు.

హెచ్‌ఆర్‌లో, సూపర్‌వైజర్లుగా ఉన్న మనవాళ్ళకు

నేను పనిచేసిన కంపెనీలో, పేరు వద్దు, విలువల పోస్టర్‌ను తెలుగులోకి చేసే పని నాకిచ్చారు. రెండు రోజులు కూర్చుని ఇష్టంగా చేశాను. దాన్ని క్యాంటీన్ గోడకు అతికించిన మధ్యాహ్నం హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఒక పెద్దాయన చేతిలో ప్లేటు పట్టుకుని నిలబడి, పెదాలు కదుపుతూ మెల్లగా మొత్తం చదివాడు. చదివి నా వైపు తిరిగి "ఏమ్మా, ఇది మాకు కూడానా?" అన్నాడు. ఆయన నిజంగానే అడిగాడు. అప్పట్లో కాంట్రాక్టు వాళ్ళకు పక్క షెడ్డులో వేరే లైను ఉండేది, మా లైనులో పెరుగు కప్పు ఉండేది, వాళ్ళ లైనులో ఉండేది కాదు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తోచలేదు, ఆ ప్లేటు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తుంది.

ఆ లైన్లు ఒకటి చేయడానికి నాలుగు నెలలు పట్టింది. మానవత్వం అని మాట్లాడితే మీటింగులో అందరూ తలలూపి వెళ్ళిపోయారు. తర్వాత మా సొంత కోడ్‌లో "ఏ హోదాలో పనిచేసినా సమాన గౌరవం" అన్న వాక్యానికి కింద గీత గీసి, తలకు ఎంత ఖర్చో, నెలకు ఎంతో ఒకే పేజీలో రాసి ప్లాంట్ హెడ్‌కు ఇచ్చాను, కాపీ విదేశంలో ఉన్న ఆడిట్ టీమ్‌కు. అప్పుడు కదిలింది. మీరు కూడా అలాగే చేయండి. కాంట్రాక్టర్ బిల్లు పాస్ చేసే ముందు నెలకు ఓ పది మంది పీఎఫ్ పాస్‌బుక్కులు వాళ్ళ ఫోన్లలోనే చూపించమనండి, చలాను కాగితం ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దు. మిషన్ బాగోలేదని ఆపినవాడిని మరుసటి రోజు వేరే లైనుకు మార్చొద్దు, మిగతావాళ్ళంతా అదే చూస్తుంటారు, ఇంకెవ్వరూ ఆపరు.

లోపల తేలకపోతే బయట తలుపులున్నాయి. జీతం, ఓవర్‌టైం అయితే కార్మిక శాఖ ఆఫీసు. పీఎఫ్ అయితే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి, కడపలో ప్రాంతీయ కార్యాలయం ఉంది, నేరుగా కూడా పోవచ్చు. లాయరుకు డబ్బు లేదనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు 15100 నంబరుకు ఫోన్ చేయండి, పారిశ్రామిక కార్మికులకు, ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు న్యాయ సహాయం ఉచితం. ఇంకా పెద్ద సమస్యయితే, ఎక్కువమందిదైతే, కంపెనీ పుట్టిన దేశం దాకా కూడా పోవచ్చు: బహుళజాతి కంపెనీలు ఎలా నడుచుకోవాలో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి) 1976లోనే మార్గదర్శకాలు రాసింది, 2023లో మళ్ళీ సవరించింది, వాటికి ఒప్పుకున్న దక్షిణ కొరియా, జపాన్, జర్మనీ, అమెరికా లాంటి ప్రతి దేశంలో నేషనల్ కాంటాక్ట్ పాయింట్ అని ఒక ఆఫీసు ఉంటుంది. ఇండియా అందులో లేకపోయినా ఆ దేశపు కంపెనీ ఇక్కడ చేసినదాని మీద అక్కడ ఫిర్యాదు పెట్టొచ్చు. అది కోర్టు కాదు, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది, కానీ హెడ్డాఫీసు ఆ ఉత్తరాన్ని తేలిగ్గా తీసుకోదు.

మా తమ్ముడికి అంత దూరం పోవాల్సిన పని పడలేదు. మెయిల్ పెట్టిన తొమ్మిదో రోజు కంపెనీ హెచ్‌ఆర్ నుంచి ఫోనొచ్చింది, ఈ నెల స్లిప్పులో బకాయిలు అన్న వరుసలో 4,995 పడింది. అదే బస్సులో వచ్చే ఇంకో ఆరుగురికి కూడా ఇలాగే కోస్తున్నారట. వచ్చే ఆదివారం వాళ్ళను ఇంటికి రమ్మన్నాను, మూడు నెలల స్లిప్పులు, పాస్‌బుక్ ప్రింటు పట్టుకుని.